బిస్కెట్ డబ్బాలో కంప్యూటర్

"నా టీవీ ఏదన్నయ్యా? సాయంత్రం ఫైనల్ మ్యాచ్. టీవీ లేకపోతే జనమంతా ఎదుటి టీ కొట్టుకే పోతారు," అంది టీ కొట్టు అక్క, గ్లాసు ఠప్పున పెట్టి.

"అయిపోవచ్చింది చెల్లెమ్మా, ఒక్క పార్టు దొరకాలంతే," అంటూ రేడియో మెకానిక్ బెంచీ మీద బాసింపట్టు వేసుకున్నాడు. "అసలు నాకు తీరికేదీ? ఇంట్లో సొంతంగా కంప్యూటర్ కట్టా. ఏదో చిన్నదిలే, ఎనిమిది బిట్లది. పాతకాలం చిప్పులు, గుప్పెడు వైర్లు, ఓ బిస్కెట్ డబ్బా. దాని జ్ఞాపకశక్తి చీమ తలకాయంత. రెండూ రెండూ ఎంతంటే కాసేపు ఆలోచించి నాలుగనేది, పాపం. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు."

"చెప్పుకోకు మరి," అన్నాడు టైలర్.

"మాటకి కత్తెర వెయ్యకు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొన్నాళ్ళకి దానికి బుద్ధొచ్చేసింది. మా ఆవిడ తిట్టడానికి నోరు తెరవకముందే బీప్ బీప్‌మని కూసేది, నేను గోడ దూకేసేవాణ్ణి. ఇంతలో కరెంటాఫీసులో పెద్ద కంప్యూటర్ పడకేసింది. ఇంజనీరుగారు వచ్చి కాళ్ళావేళ్ళా పడ్డారు. సరే పోనీలే అని డబ్బా చంకనెట్టుకుని వెళ్ళి, ఒక్క వైరు తగిలించా. దీపాలు వెలిగాయా అంటావేంటి, ఊళ్ళో మీటర్లన్నీ వెనక్కి తిరిగాయి!"

"మా మీటరు ముందుకే పోయిందే," అన్నాడు లారీ డ్రైవర్.

"నువ్వెప్పుడు ఇంట్లో ఉన్నావు గనక? తెలియకపోతే నోరు మూసుకో, నాకు ఒళ్ళు మండుతుంది. అది సరే, మొన్న వాన పట్టుకుందా? మా ఆవిడ బట్టలారేసింది. ఒక్క మీట నొక్కా, మబ్బు మర్యాదగా పక్క వీధికి పోయి కురిసింది."

"అది మా వీధే! నా కొత్త చొక్కాలన్నీ తడిశాయి," అన్నాడు టైలర్.

"చూశారా, సాక్ష్యం! ఇంకా వినండి. పైన దారి తప్పిన ఉపగ్రహం ఒకటి మా డబ్బాని పట్టుకుని, 'అన్నా, ఎటు పోవాలి?' అనడిగింది. ఎడమకి తిరగమంది మాది. అటు చంద్రుడు అడ్డం. ఏం చేస్తుంది? చంద్రుణ్ణే కాస్త జరిపింది. ఈ నెల వెన్నెల మన వీధిలో వంకరగా పడలేదూ?"

అక్క గరిటె తిప్పడం ఆపేసింది. డ్రైవర్ గడ్డం గోక్కున్నాడు.

"అంతా బాగానే ఉంది గానీ, బిస్కెట్ డబ్బాలో చంద్రుడెలా కనిపించాడు? దానికి తెర ఉండొద్దూ?" అన్నాడు డ్రైవర్.

మెకానిక్‌కి రోషం పొడుచుకొచ్చింది.

"తెర లేకుండా కంప్యూటర్ కడతానా? నన్నేమనుకున్నావ్? రంగుల తెర! ఎర్ర రంగు పెట్టె, కుడి మూలన ఎప్పుడో టీ ఒలికిన మరక, పైన వంకర యాంటెన్నాకి పచ్చ జడ రిబ్బను. బొమ్మ అద్దంలా వస్తుంది, పార్టు మార్చే పనే లేదు..."

అక్కడ ఆగాడు. అప్పటికే ఆలస్యమైంది.

"ఆ రిబ్బను మా అమ్మాయిదే," అంది అక్క.

"అంటే చెల్లెమ్మా... ఉపగ్రహం పాపం దారి తప్పి..."

అక్క అతని చేతిలోంచి సగం తాగిన గ్లాసు లాగేసుకుంది.

"చంద్రుణ్ణే జరిపావుగా అన్నయ్యా, మ్యాచ్ మొదలయ్యేలోగా ఆ టీవీని కూడా ఇటు జరుపు. అందాకా నీకు టీ ఆ బిస్కెట్ డబ్బానే పెడుతుంది."