కాళ్ళు లేని కుర్చీ

హలో… ఆ, నేనే… నేనే బాబాయ్, గొంతు మారిందంతే. పొద్దున్నుంచి మాట్లాడుతూనే ఉన్నాను కదా, అరిగిపోయింది.

… పర్లేదు, చెప్పు. పనిలోనే ఉన్నాను. ఎప్పుడు లేను గనక.

… తిన్నాను.

… తిన్నానంటే తిన్నాననే. బిస్కెట్లు కూడా తిండి కిందకే వస్తాయని పిన్నికి చెప్పు.

… ఏముంటుంది, అదే గోల. తలుపుకి తూటా ఆగాలి, రేకు మందం పెంచమని ఒకాయన. బండి బరువెక్కింది, ఇసకలో దిగబడుతోంది, నలభై కిలోలు తగ్గించమని ఇంకొకాయన. ఇద్దరూ పెద్దవాళ్ళే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

… నేనెవరినా? ఇక్కడ కప్పనీ నేనే, పామునీ నేనే. తిట్లు మాత్రం ఇద్దరివీ.

… నవ్వు, నవ్వు. ఆదివారం మొహం చూసి మూడు వారాలైంది. నిన్న ఇంటికెళ్తే మీ అల్లుడుగారు తలుపు తీసి, "ఎవరు కావాలండీ" అన్నారు.

… వేళాకోళానికే. అయినా ఒక్క క్షణం గుమ్మంలో ఆగిపోయాను బాబాయ్. అంత అలసిపోయి ఉన్నాను.

… సరే, నా సోది ఆపేస్తాను. డిపో నుంచి పట్టపగలు ఫోన్ చేశావంటే ఏదో ఉంది. గొంతులో హుషారు కూడా ఉంది. ఏంటి?

… శుభవార్తా? చెప్పు చెప్పు. అలాంటిది చెవినపడి చాలా రోజులైంది.

… ఏ ఫిర్యాదు? కుర్చీలదా? బండ్లలో కుర్చీలు ఊగుతున్నాయి, కడుపులో తిప్పుతోంది, నడుం పట్టేస్తోంది — అదేనా? దాని మీద ఎనిమిది ఉత్తరాలు రాశారు. తొమ్మిదోది నా బల్ల మీదే ఉంది. పైన టీ గ్లాసు పెట్టాను.

… పదోది రాదా? ఎందుకు రాదు?

… ఓహో, నువ్వు సరిచేశావా! అలా చెప్పు. నీ చెయ్యి పడితే ఇంక తిరుగేముంది. మా ఇంటి కిర్రుమంచం నోరు మూయించింది కూడా నువ్వేగా. ఏం చేశావు?

… ఏం పెట్టావు? సరిగ్గా వినపడలేదు.

… కాలా?

… కుర్చీ కింద. నేలకి ఆనేలా. గొట్టం కాలు.

… లేదు, విన్నాను. విన్నాను బాబాయ్. "కాలు లేకపోతే ఉయ్యాల అవుతుంది గానీ కుర్చీ ఎలా అవుతుంది" — ఆ. నవ్వొచ్చే మాటే.

… నవ్వట్లేదు.

… ఒక్కటి అడుగుతాను, ఆలోచించి చెప్పు. ఎన్ని బండ్లకి పెట్టావు?

… నాలుగు. ఆ నాలుగూ ఇప్పుడెక్కడున్నాయి?

… మూడు షెడ్డులో. నాలుగోది?

… ఎప్పుడు వెళ్ళింది?

… ఇరవై నిమిషాలు. ఎంతమంది ఎక్కారు?

… ఐదుగురు. డ్రైవరెవరు?… లంబూనా? ఆ తాటిచెట్టంత మనిషి? మోకాళ్ళు పట్టట్లేదని మొదటి ఉత్తరం రాసింది ఆయనే కదా. ఏ దారి?

… వాగు పక్క మట్టి దారి. పోయిన నెల రెండు మందుపాతరలు తీసిన దారి. సరే.

… బాబాయ్, నీ బల్ల మీద వైర్‌లెస్ సెట్టుంది కదా. లంబూని పిలిచి బండి ఆపమను. ఎక్కడుంటే అక్కడే, దారి మధ్యలోనే. పక్కకి తియ్యొద్దు. ఒక్కరు కూడా కిందకి దిగొద్దు. ఈ మూడు ముక్కలే చెప్పు.

… ఎందుకో తర్వాత చెప్తాను. ముందు ఆపమను!

… అరవలేదు.

… సరే, అరిచాను. తప్పయింది. ఆపమను బాబాయ్.

… … …

ఆ సార్?… ఫోన్‌లో ఉన్నానండీ… తెలుసండీ, నలభై కిలోలు. సాయంత్రంలోగా… తెలుసు. ఆ తలుపు కాస్త దగ్గరకి వేసి వెళ్ళండి, పుణ్యముంటుంది.

… ఆ, బాబాయ్! ఆగిందా? ఎవరూ దిగలేదుగా?

… "ఒంటికి కూడా వెళ్ళొద్దా" అంటున్నాడా. వద్దను. సీసా ఏదైనా చూసుకోమను.

… చెప్తాను. ముందు నువ్వు కూర్చో. ఆ పెట్టుడు కాలేసుకుని ఎంతసేపు నిలబడతావు. కూర్చున్నావా?

బాబాయ్, ఆ కుర్చీల్ని కప్పు నుంచి పట్టీలతో వేలాడదీసింది సరదాకి కాదు. చక్రం కింద మందుపాతర పేలిందనుకో. అడుగు పడవలా వంపు తిరిగి ఉంది కాబట్టి దెబ్బ చాలావరకు పక్కలకి పోతుంది. మిగిలినదానికి లోపలి నేల పైకి లేస్తుంది. జానెడు. రెప్పపాటులో. ఆ జానెడులో మనిషిది ఏదీ ఉండకూడదు, పాదం కూడా. అందుకే పాదాలకి కూడా వేలాడే పీటలు పెట్టాను. నేల లేచి పడిపోతుంది, కుర్చీకి ఆ సంగతే తెలియదు. ఇంతే దాని కథంతా.

… ఆ. ఇప్పుడు మధ్యలో ఇనప గొట్టం ఉంది.

… అవును. సూటిగా నడుములోకి.

… …

… బాబాయ్?

… ఉన్నావా? ఏదో ఒకటి అను. తిట్టు పోనీ.

… ఛ, అలా అనకు. నీ ఒక్కడి తప్పేం కాదు. డ్రాయింగు నా ముందే ఉంది. ఏం రాశానో వింటావా? "కుర్చీ చట్రానికి వెల్డింగు చేయరాదు. రంధ్రం వేయరాదు." ఇంతే.

… అందుకేనా? అందుకే వెల్డింగు చేయకుండా పైన పట్టీ చుట్టి బోల్టులు బిగించావా?

… కింద రబ్బరు ముక్క కూడా వేశావా, నేల గీసుకుపోకుండా. అయ్యో బాబాయ్! రాసింది పొల్లుపోకుండా పాటించావు. రాయనిది చేశావు. "కాలు పెట్టరాదు" అని రాయాలని నాకు తట్టనేలేదు. వేలాడే కుర్చీకి కాలెవరు పెడతారులే అనుకున్నాను. కుర్చీ అంటే కాళ్ళుండాలని ఎవరికీ ఒకరు నేర్పక్కర్లేదని మర్చిపోయాను.

… ఆగాగు. బోల్టులన్నావు. అంటే వాళ్ళే విప్పుకోవచ్చు!

… కుర్చీకి రెండు. ఐదుకి పది. స్పానరెంత?

… పదిహేడు. పదిహేడు బండిలో ఉంటుంది, లంబూని తీయమ—

… …

… తెలుసు. తెలుసు బాబాయ్, బయట ఉంది. పనిముట్ల పెట్టె బయట గోడకి బిగించమన్నదే నేను. లోపల ఒక్క ఇనప ముక్క వదులుగా ఉండకూడదు, పేలినప్పుడు స్పానరే తూటా అవుతుందని. దానికేమో పేజీ నిండా రాశాను. చూడు నా తెలివి.

… వద్దు. ఒక్క అడుగే అయినా దిగొద్దు. ఆ ఒక్క అడుగు ఎక్కడ పడుతుందో ఎవడు చూశాడు.

… ఆలోచించనీ.

… లంబూ చెయ్యి పొడుగెంత ఉంటుంది?

… వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతున్నాను. నడిపే చోట పైన మూత ఉంది కదా. అందులోంచి కప్పు మీదకి పాకి, బోర్లా పడుకుని, చెయ్యి కిందకి దించితే పెట్టె గొళ్ళెం అందుతుందేమో. ఉండు, డ్రాయింగులో చూస్తాను… కప్పు అంచు నుంచి గొళ్ళేనికి ఎనభై రెండు సెంటీమీటర్లు. నాకైతే జన్మలో అందదు. తాళంచెవి ఎవరి దగ్గరుంది?

… ఆయన మొలకే. మంచిది. ఆ చుట్టుపక్కల ఇవాళ కాల్పులేమైనా…

… నిన్న సాయంత్రం. ఊఁ.

… ఏం చెయ్యను బాబాయ్, బండి లోపల ఉన్నంతసేపే నా పూచీ. కప్పు మీద పడుకున్నవాడికి నేను గీసిన గోడ అడ్డం రాదు. ఇద్దర్ని ఆయన కాళ్ళు గట్టిగా పట్టుకోమను. తల ఎత్తొద్దను. త్వరగా కానీమను.

… నేను ఆగుతాను. ఫోన్ పెట్టకు.

… … …

… ఇంకా లేదా?

… బాబాయ్, ఈలోపు ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు. నీకు వంటాయన గుర్తున్నాడా?

… ఆ, ఆయనే. నీ లారీలో వచ్చిన వంటాయన. నీ కాలు పోయిన రోజు.

… అవును, సెగగడ్డాయన. కూర్చోడానికి వీల్లేని చోట లేచింది కదా పాపం. దారంతా పై రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. గుంత వచ్చినప్పుడల్లా కోతిలా రెండు కాళ్ళూ పైకి లాక్కునేవాడని నువ్వు చేసి చూపించేవాడివి, అన్నం చేత్తోనే. పిన్ని తిట్టేది. ఆఖరి గుంతలో పేలింది. సీటులో కూర్చున్న నీకేమో… ఆయనకి పెదవి చిట్లింది, అంతే.

… గుర్తుండకేం. నాకప్పుడు పన్నెండేళ్ళు. నువ్వు ఆ కథ చెప్పి అందర్నీ నవ్వించేవాడివి. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. అన్నం కలుపుకుంటూ ఒకటే ఆలోచన — మా బాబాయ్‌ని కూడా ఆ రాడ్డుకి కట్టేసి ఉంటే బావుండేది కదా అని.

… అదే చెప్తున్నాను. ఆ కుర్చీ నా బుర్రలోంచి పుట్టింది కాదు. నీ లారీలోంచి వచ్చింది. ఎక్కడ చదివావమ్మా అని పెద్దపెద్దవాళ్ళు అడుగుతారు. మా ఇంట్లో అన్నం తింటూ, ఒక సెగగడ్డ దగ్గర నేర్చుకున్నానని ఎలా చెప్పను?

… నీకెందుకు చెప్పలేదంటే… నీ కాలు సంగతి ఎత్తడం నాకు చేతకాలేదు బాబాయ్. నువ్వు దాని మీద జోకులేసేవాడివి, నేను పక్కకి చూసేదాన్ని. ఒక్కసారి చెప్పి ఉంటే చాలు. డ్రాయింగులో ఏం రాసినా రాయకపోయినా, నువ్వు ఆ గొట్టం ముట్టుకునేవాడివి కాదు. అసలు తప్పు అదీ.

… ముక్కు చీదుకో. పిన్నికి చెప్పనులే.

… ఏంటి? అందిందా! అందిందా స్పానరు? అమ్మయ్య. లోపలికొచ్చి మూత వేసుకున్నాడా?… వాడి పొడుగు చల్లగుండా. ఇక జన్మలో ఆయన మోకాళ్ళ గురించి ఒక్క మాట అనను.

… విప్పుతున్నారా. ఒక్కోటీ చెప్పు, నాకు కూడా.

… ఒకటి. గొట్టం తీసేశారా? పైన మూతలోంచి కప్పు మీదకి నెట్టేయమను, లోపల ఉంచొద్దు.

… రెండు.

… మూడు… ఊఁ, నాలుగు.

… ఐదోది రావట్లేదా? ఎందుకు?

… బోల్టు తల అరిగి స్పానరు జారిపోతోంది. అంత గట్టిగా ఎందుకు బిగించావయ్యా స్వామీ!

… తెలుసు, నువ్వేది చేసినా గట్టిగానే చేస్తావు. సరే. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోవద్దు. బండిని లాగే గుడ్డ పట్టీ లోపలే ఉంటుంది, కుర్చీలు వేలాడే పై రాడ్డుకి రెండు చుట్లు వేసి ఉయ్యాలలా కట్టమను. అందరిలోకీ బక్కవాణ్ణి దాంట్లో కూర్చోమను, పాదాలు నేలకి ఆనకుండా.

… ఆ. వంటాయనలాగే.

… ముందుకెళ్ళడం వద్దు, వెనక్కి రమ్మను. తిప్పొద్దు. వెళ్ళిన చక్రాల జాడ మీదే, వెనక్కి వెనక్కి. వాగు దాటి రాళ్ళ మీదకొచ్చాకే తిప్పుకోమను. మెల్లగా. పరుగులొద్దు.

… ఫోన్ బల్ల మీద పెట్టెయ్ బాబాయ్. ఏమీ మాట్లాడక్కర్లేదు. నీ సెట్టు గరగర వినపడుతూ ఉంటే చాలు. నేను ఈలోపు డ్రాయింగు దిద్దుతాను.

… … …

… బాబాయ్, విన్నావా? ఇలా రాశాను. "ఈ కుర్చీకి కాలు ఉండదు. ఎవరు అడిగినా, ఎంత ఊగినా, పెట్టరాదు." చాలా?

… ఇంకేం కలపాలి?

… "మంచి ఉద్దేశంతో కూడా పెట్టరాదు." … సరే, రాశాను. పైవాళ్ళు కొట్టేస్తారు. కొట్టేస్తే మళ్ళీ రాస్తాను.

… … …

… ఇంకా వాగేనా?

… ఏం లేదు, చెవి కాలిపోతోంది. ఈ చెవి మార్చాను. టీ మీద తెట్టు కట్టింది.

… … …

… ఏంటా చప్పుడు? గేటా?

… లంబూ బండేనా? సరిగ్గా చూసి చెప్పు.

… తలుపు తీశారా. దిగుతున్నారా. … మనుషుల్ని కాదు బాబాయ్. కాళ్ళు లెక్కపెట్టు.

… నవ్వులాట కాదు. పైకి లెక్కపెట్టు, నేను వింటాను.

… రెండు… నాలుగు… ఆ, లంబూవా అవి, చూడక్కర్లేకుండా తెలుస్తాయి… ఆరు… ఎనిమిది… ఉయ్యాలాయన దిగాడా? మెల్లగా దిగమను… పది.

… …

… పదకొండా?

… పదకొండేంటి బాబాయ్, ఐదుగురికి పదే కదా—

… ఓ.

… నీకున్న ఒక్కటి కూడానా.

… సరే… పదకొండు. ఉంటాను బాబాయ్.