అన్నీ ఎడమ పక్కలే

సభకు పెద్దదిక్కుగా కూర్చున్న హెడ్మిస్ట్రెస్ గారికీ, పెద్దలకూ, మిషన్ల మీద నుంచి లేచొచ్చిన నా అక్కచెల్లెళ్లకూ, అన్నదమ్ములకూ, ఈ రోజు బాధ్యతల నుంచి తప్పుకుంటున్న మా మేడమ్‌కూ ఈ కటింగ్ మాస్టర్ నమస్కారాలు. మైకు నా చేతికిచ్చారు కదా, ఇక నన్ను ఆపడం మీ తరం కాదు! (నవ్వులు)

నాకు కాలు ఒకచోట నిలవడం లేదండీ. మెట్ల కింద ఒక్క కుట్టు మిషన్ వేసుకుని, వీధిలో అందరి తెగిన జిప్పులూ బాగుచేస్తూ మొదలుపెట్టిన మా మేడమ్, ఇవాళ నాలుగు వందల మంది పనిచేసే బ్యాగుల ఫ్యాక్టరీని నిలబెట్టి... అదుగో, "బాబాయ్, ఇక చాలు" అని సైగ చేస్తోంది చూడండి. ఊరుకోమ్మా, ఇవాళ నీ మాట చెల్లదు! (చప్పట్లు)

కొత్తవాళ్లకు మొదటి రోజు మేడమ్ చెప్పే పాఠం మీకందరికీ తెలుసు. మనకొచ్చిన మొదటి పెద్ద ఆర్డరు ఈ హెడ్మిస్ట్రెస్ గారు అప్పట్లో నడిపిన బడికే, రెండు వందల బ్యాగులు. ఎడమ పక్క, కుడి పక్క జతగా రావాలంటే బట్టను ఒక పొర వెల్లకిలా, ఒక పొర బోర్లా పరవాలి. హడావిడిలో అన్నీ వెల్లకిలా పరిచి కత్తిరించేశారు. నాలుగు వందల ముక్కలూ ఎడమ పక్కలే! (నవ్వులు) "ఆ తప్పు నాదే" అని మేడమ్ మీకు చెబుతుంది.

అబద్ధం. ఆ కత్తెర పట్టింది నేను.



అంతకుముందు పనిచేసిన చోట ఇలాంటి పొరపాటుకే నన్ను గెంటేశారు. ఇది కూడా బయటికి పొక్కితే ఇంకెవరూ గడప తొక్కనివ్వరని వణికిపోయాను. "నువ్వు నోరు మెదపకు బాబాయ్. తిట్లు తినడం యజమాని పని" అంది మేడమ్. యజమానట! ఉన్నది ఒక మిషను, ఒక స్టూలు. ఆ ఆర్డరు పోతే అవీ మిగలవు. అయినా హెడ్మిస్ట్రెస్ గారూ, మీ ముందుకొచ్చి, తప్పు తన నెత్తిన వేసుకుని, వారం గడువు అడిగింది. మీరు చెడామడా తిట్టి, గడువిచ్చారు. కుడి పక్కలు కొత్తగా కత్తిరించి, చెప్పిన రోజుకే తెచ్చిచ్చాం. ఆ తర్వాత పక్క బడి, దాని పక్క బడి, ఇక వెనక్కి తిరిగి చూసిందెక్కడ!

ముప్పై ఏళ్లుగా ఆ పాఠం విన్నప్పుడల్లా నేను వెనక నిలబడి తల ఊపాను. సిగ్గుగా ఉందండీ. అదిగో, కూర్చోమంటోంది. కూర్చోను!

అమ్మా, నువ్విచ్చిన పనీ, పరువూ ఉంచుకుంటాను. నా తప్పు మాత్రం నాకిచ్చెయ్. రేపు పొద్దున కొత్తవాళ్లు పన్నెండు మంది చేరుతున్నారు. ఆ పాఠం నేనే చెబుతాను, ఈ రెండు చేతులూ చూపించి.

ఓపిగ్గా విన్నారు, మీకందరికీ కృతజ్ఞతలు. తెల్లారితే నాకు పాఠం ఉంది, సెలవు.