ఉప్పు పాఠం

దేశ రాజధానిలో, సాకేత్‌లో ఒక ప్రైవేటు స్కూలు గేటు బయట. కటవారియా సరాయ్‌లో ఒకే గదిలో ఉంటున్న జెనీఫర్, భవ్యశ్రీ కెమిస్ట్రీ టీచరు ఉద్యోగానికి డెమో క్లాసులు చెప్పి ఇప్పుడే బయటికి వచ్చారు.

“చెయ్యి తియ్యి భవ్యా.”

“ఒక్కసారి నా మాట ఇను జెన్నీ...”

“నేను లోపలికెళ్ళి పిల్లలకి రిబ్బన్లు పంచుతుంటే ఏమన్నారో తెలుసా? ‘మేమ్, యే తో హో గయా!’ ఇది అయిపోయిందిగా అని క్లాసంతా నవ్వు. వెనక ప్రిన్సిపల్ కూడా.”

“నేనేం కావాలని చేయలే. బోర్డు ముందట నిలబడంగనే నా పాఠం మొత్తం మర్చిపోయిన. నీదే నోట్లకొచ్చింది.”

“రిబ్బన్లు లేకుండా ఎలా చేశావు?”

“చాక్‌పీసులు పట్టించిన. ఎర్రవి సోడియం, తెల్లవి క్లోరిన్.”

“వరసల్లో నిలబెట్టి, పక్కనెవరున్నారో చూసుకోమన్నావా?”

“...ఆ.”

“సోడియం ఎలక్ట్రాన్ ఇస్తుంది, క్లోరిన్ తీసుకుంటుంది, అదే బంధం అని రాసుకున్నావు నువ్వు. ఇవ్వడం బంధం కాదే అని చెప్పిందెవరు?”

“నువ్వే.”

“ఇచ్చింది ప్లస్ అయాను, తీసుకుంది మైనస్ అయాను. వాటి మధ్య లాగుడే బంధం. అదీ ఒక్కదానితో కాదు, చుట్టూ ఉన్న ఆరింటితో. గదిలో నిన్నే పిల్లల్లా కూర్చోబెట్టుకుని ఎన్ని సాయంత్రాలు చెప్పానే!”

“గట్లనే చెప్పిన.”

“ప్రిన్సిపల్ ప్రశ్నలేమైనా అడిగారా?”

“సోడియం నుంచి ఎలక్ట్రాన్ గుంజాలంటే శక్తి కావాలె. క్లోరిన్ తీసుకున్నంక అంత తిరిగి రాదు. మరి ఉప్పు ఎట్లయితది అని.”

“నువ్వేమన్నావు?”

“అయాన్లన్నీ దగ్గరికొచ్చి స్ఫటికం కట్టినప్పుడు అంతకన్నా ఎక్కువే బయటికొస్తది అని...”

“నన్నూ అదే అడిగారు. అదే చెప్పా. ‘ఇద్దరూ ఒకే చోట బట్టీ పట్టారా?’ అన్నారు.”

“నాకు... వచ్చే సోమవారం జాయిన్ కమ్మన్నరు.”

“అచ్ఛా.”

“నీకు చెప్పుడొచ్చు జెన్నీ. నీకు ఇంకోటొస్తది. నాకు...”

“ఆటో భయ్యా! కటవారియా సరాయ్. ఏక్ హీ సవారీ.”

“ఒక్కదానివే గట్ల పోకే. ఏదన్న తిట్టు.”

“తిట్టను. ఒక్కటి విను. ముందు పిలిచింది నన్ను. నువ్వు బాత్రూంలో వాంతి చేసుకుంటున్నావు. కూర్చునేకొద్దీ ఇంకా భయపడిపోతావని, నేనే ఆ పిలిచిన సార్‌ని బతిమాలి నిన్ను ముందు పంపించా.”

“తెల్సు.”

“ఏం తెలుసు?”

“బాత్రూం తలుపు దగ్గర్నే ఉన్న. నువ్వు బతిమాలుతుంటే ఇన్న. నీకన్నా ముందు పోతే నీ పాఠం నేను చెప్పొచ్చని... అప్పుడే అనుకున్న.”