రాళ్లు పేర్చినవాళ్లు

అమెరికాలోని యూటా ఎడారి పార్కులో మిట్టమధ్యాహ్నం. దారి గుర్తుగా పేర్చిన రాళ్ల కుప్ప ఇంకొకటి కనబడేసరికి తండ్రికి ప్రాణం లేచొచ్చింది. వెనకాలే తొమ్మిదేళ్ల కూతురు నడుస్తోంది.

"దారి తప్పామా నాన్నా?"

"లేదు. ఈ రాళ్లు పేర్చినవాళ్లకి దారి బాగా తెలుసు."

"తెలీదు."

"నీకెలా తెలుసు?"

"పొద్దున నువ్వూ అమ్మా మ్యాప్ కోసం పోట్లాడుకుంటుంటే అటూ ఇటూ తిరిగి నేనే పేర్చాను. అమ్మ మ్యాప్ పట్టుకుని కారు దగ్గరికి వెళ్లిపోయేదాకా."

"అన్నీ నువ్వేనా?"

"అన్నీ."

"ఇందాకట్నుంచీ వీటి వెంటే ఇక్కడిక్కడే తిరుగుతున్నాం. నీళ్లు కూడా అయిపోవచ్చాయి. ముందే చెప్పొచ్చుగా."

"మొదటిది చూసి, ఎవరో బుర్రున్నవాళ్లు పేర్చారన్నావు."

"అంటే?"

"ఇంకోసారి అంటావేమోనని వెనకాలే వస్తున్నాను."