తేడా ఏమీ లేదు

పొద్దుట్నుంచీ ఫోన్లో ఒకటే అభినందనలు, అత్తయ్యా! పరామర్శకి రావాల్సినవాళ్లు బక్లావా మిఠాయి పళ్లెంతో వచ్చినట్టుంది. వాళ్ల తప్పేముందిలెండి.

మీరు పిండి పిసకండి. చెవి మాత్రం ఇటు పడెయ్యండి. ఈ స్ఫాక్స్‌లో ఇంకెవరికి చెప్పినా పిచ్చనుకుంటారు.

మీ అబ్బాయి వజ్దీ కట్టిన హల్ఫా లేదూ? ఆఁ, అదే, కంప్యూటరుకి పని చెప్పే భాష. ఎవరైనా తెరిచి చూడొచ్చు, దిద్దొచ్చు, ఒక్క మిల్లీమ్ ఇవ్వక్కర్లేదు అన్నాడుగా. అన్నందుకు దిద్దారు! తను పోయాక దిద్దీ దిద్దీ, తను రాసిన వరస ఒక్కటీ మిగల్లేదు.

చివరిది నేనే తీసేశాను. అలా చూడకండి. పని నెమ్మదిస్తోంది, తీశాను. ఉంటే తనే తీసేవాడు.

అప్పుడూ ఏడుపు రాలేదు. ఎందుకంటే... మీ గిన్నెలో ఆ పులిసిన ముద్ద ఉందిగా. నిన్నటి పిండిలోంచి చిటికెడు ఇవాళ్టిదాంట్లోకి. మీ అమ్మగారు మొదలుపెట్టింది ఇంకా బతికే ఉందంటారు మీరు.

మా కంపైలరూ అంతే. మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది అదే. కొత్తదాన్ని పాతదే తయారుచెయ్యాలి, ఆ పాతదాన్ని దానికి ముందుది. అలా వెనక్కి వెనక్కి వెళ్తే మొట్టమొదటిది వజ్దీ చేతిది. రాతలో లేకపోతేనేం, లోపలెక్కడో ఆ పులుపు ఉండకపోతుందా అనుకున్నాను.

నవ్వండి, నవ్వండి.

కానీ జనం నమ్మొద్దూ? 'పాతదాంట్లోంచి కంటికి కనపడని దొంగతలుపేదైనా దిగుతోందేమో' అన్నాడు టాంజియర్ నుంచి ఇద్రీసీ. మాతో పనిచేసేవాడే. న్యాయమైన అనుమానమే. దానికో పరీక్ష ఉంది. వజ్దీ చెయ్యి తగలకుండా ఇంకెవరో విడిగా రాసుకున్న కంపైలరుతో హల్ఫాని మళ్లీ కట్టాలి. ఒక వాయి తీసి, దాంతో ఇంకో వాయి తీసి, మనదాని పక్కన పెట్టి పోల్చాలి. తేడా వస్తే పాతదాంట్లోంచి ఏదో దిగుతున్నట్టు, రాకపోతే ఏమీ లేనట్టు. పరాయింటి ముద్దతో మీ రొట్టె కాల్చినట్టు.

నేనే కూర్చున్నాను. తేడా రావాలని కోరుకున్నాను, అత్తయ్యా. వస్తే మా పరువు పోతుంది, ఇన్నేళ్ల పని ఆగిపోతుంది. పోనీ! ఒక్క అంకె తేడా వస్తే చాలు, అది తనదే అనుకుందామని.

రాలేదు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా రెండూ ఒకటే.

అందుకే ఈ అభినందనలు. 'ఎవరి జాడా లేదు, శుభ్రం!' అని రాశాడు ఇద్రీసీ. థాంక్స్ అని కొట్టాను.

ఏమిటీ, ఆకలా? ఏమో. వేళయింది కాబట్టి ఆకలి వేస్తూనే ఉండుండాలి. పెట్టండి.