పదకొండు మలుపులు దిగిన కారు

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను, ఆ మాట ముందే చెబుతున్నాను. నేను చేసిందల్లా ఇంతే. డబ్బు పెట్టడానికొచ్చిన పెద్దమనుషులు నలుగురిని మా కంపెనీ కరెంటు కారులో కూర్చోబెట్టుకుని కొండ మీంచి కిందికి దించాను. పైన బయల్దేరినప్పుడు మీటరులో బ్యాటరీ పది శాతం. కింద ఆగినప్పుడు చూస్తే పన్నెండు. తగ్గలేదయ్యా, పెరిగింది! ఇందులో నా గొప్పేముంది?"

ఇలా అని కరెంటు కార్ల కంపెనీ డ్రైవరు ఫుల్‌ఛార్జి బాబాయి టీ గ్లాసు చేతిలో పట్టుకుని కాసేపు ఆగాడు. గొప్పేనని ఎవరైనా అంటారేమోనని ఆగాడు. ఎవరూ అనలేదు.

ఆ మధ్యాహ్నం టీ కొట్టులో బాబాయి కాక ఉన్నవాళ్ళు ముగ్గురే. పొయ్యి దగ్గర కొట్టు నడిపే అక్క. గోడవారగా పక్క దుకాణంలో కళ్ళజోళ్ళు అమ్మే ఆయన. ఎదురు బెంచీ మీద, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని, బాబాయికి స్వయానా వదిన. ఆవిడ ముప్ఫై నాలుగేళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసి రెండు నెలల కింద రిటైరయింది. వచ్చిన సొమ్ముతో, మోకాళ్ళు మొరాయిస్తున్నాయని, మూడో అంతస్తు ఇల్లు వదిలి కింది అంతస్తులో రెండు గదులు కొనుక్కోవాలని చూస్తోంది. ఇంతలో బాబాయి వచ్చి, ఆ డబ్బు మా కంపెనీ షేర్లలో పెట్టు, రెండు గదులేం ఖర్మ, రెండేళ్ళలో వీధి మొత్తం కొంటావు, అన్నాడు. షేర్ల దరఖాస్తు ఆవిడ సంచీలో ఉంది. అది తీసుకునే బ్యాంకు రోడ్డుకు అవతలే ఉంది. గడువు ఆ రోజు సాయంత్రం ఐదింటి వరకు. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

కరెంటు కారు సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక్క మాట. సైకిలు చక్రానికి చిన్న డైనమో ఆనించి తొక్కితే ముందు దీపం వెలుగుతుంది కదా, ఇదీ అలాంటిదే. కారు పల్లానికి దొర్లుతున్నప్పుడు చక్రాలే మోటారును తిప్పుతాయి. అప్పుడు మోటారు కరెంటు తినడం మాని, కరెంటు చేసి బ్యాటరీకి పంపుతుంది. కాబట్టి పది శాతం పన్నెండు కావడం అబద్ధమేమీ కాదు. బాబాయి అక్కడితో ఆగి ఉంటే ఇక చెప్పడానికేమీ ఉండేది కాదు.

"రెండు శాతమేనా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన. "మా ఆవిడ ఫోను తలకింద పెట్టుకుని పడుకున్నా అంతకంటే ఎక్కువే పెరుగుతుంది."

ఆ మాట బాబాయికి సూటిగా తగిలింది.

"రెండేనా అంటావా? పన్నెండని మర్యాదకు తగ్గించి చెప్పానయ్యా! నలుగురిలో అసలు లెక్క చెబితే తట్టుకోలేరని. సరే, విను. మా కొండకు పదకొండు మలుపులు. మొదటి మలుపు తిరిగానో లేదో మీటరు పదిహేను. రెండో మలుపు, ఇరవై ఆరు. నేను స్టీరింగు ఇలా రెండు వేళ్ళతో పట్టుకుని కూర్చున్నాను, అంతే, నేనేమీ చేయడంలేదు. వెనక కూర్చున్న నల్లకోటాయన ముందుకు వంగి, డ్రైవరుగారూ, మీటరు పాడైనట్టుంది, పెరుగుతోంది అన్నాడు. నేనన్నాను, సార్, తగ్గితే పాడైనట్టు, పెరిగితే మా కంపెనీ అయినట్టు అని. ఐదో మలుపుకి అరవై. ఏడో మలుపుకి నిండా నూరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దిగి టీ తాగారు," అంది కొట్టు అక్క.

"ఇంకా నాలుగు మలుపులుంటే టీ ఎక్కడ తాగుతామమ్మా! నూరు దాటింది. నూట పది. నూట ముప్ఫై. మీటరు చేసినవాడు అంత దూరం ఆలోచించలేదు పాపం, అంకెలు గాజు అంచుకొచ్చి నిలబడి, ఎటు పోవాలో తెలీక నా వంక చూస్తున్నాయి. కరెంటుకి చోటు చాలక కారంతా తిరగడం మొదలెట్టింది. వైపర్లు వాటంతటవే ఊగుతున్నాయి. హారను ఎవరూ నొక్కకుండానే మంగళవాద్యంలా మోగుతోంది. నలుగురి జేబుల్లో ఫోన్లూ నిండిపోయాయి. ఒకాయన పెట్టెలో గడ్డం గీసుకునే మిషను ఉంటే అది మూత తోసుకుని బయటికొచ్చి ఆయన గడ్డం గీసి, పక్కాయన గడ్డం గీసి, మీసం జోలికి రాబోతే నేను గద్దించాను. ఇంకొకాయన చెవిలో వినికిడి మిషను. దానికి ఎంత బలమొచ్చిందంటే, రెండొందల మైళ్ళ అవతల వాళ్ళావిడ ఆయన గురించి పక్కింటావిడతో ఏమంటోందో మొత్తం వినిపించింది."

"ఏమంటోంది?" అంది అక్క.

"అది సంసారం విషయం, మనకెందుకు? కారులో రేడియో ఉందా, అది ఇవాళ్టి వార్తలు చెప్పేసి, ఇంకా బలం మిగిలి, రేపటి వార్తలు కూడా చెప్పింది. అందులో మా షేరు ధర కూడా చదివారు!"

వదిన మొదటిసారి తలెత్తింది. "ఎంతన్నారు?"

"సరిగ్గా ఆ ముక్క దగ్గరే తొమ్మిదో మలుపొచ్చింది వదినా. నేను రోడ్డు చూసుకోవాలా, రేడియో వినాలా? నలుగురి ప్రాణాలు నా చేతిలో ఉన్నాయి."

కళ్ళజోళ్ళాయన గ్లాసు కింద పెట్టాడు. "మరి మొన్న పేపర్లో రాశారే, మీ కంపెనీ ఈ ఏడాది దాటదని. కార్లు తయారై షెడ్డులోనే ఉన్నాయట."

బాబాయి బెంచీ మీంచి లేచాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కోపమొస్తే ఇంకా పొడుగవుతాడు.

"రాసుకోనీ! పేపరెంత, నా టీ గ్లాసు కింద పరిచేంత. వాళ్ళు ప్రతి ఏడూ మా కంపెనీకి దినం పెడుతూనే ఉన్నారు, మేము ప్రతి ఏడూ పొద్దున్నే ఎనిమిదింటికి గేటు తీస్తూనే ఉన్నాం. పదేళ్ళ కింద కరెంటు కారంటే ఏమన్నారు? బొమ్మ అన్నారు. పిల్లల పార్కులో తిప్పుకోమన్నారు. నవ్వినవాళ్ళు ఇప్పుడు మా గేటు దగ్గర వరసలో నిలబడ్డారు. నిలబడకపోయినా నిలబడతారు! మూసేస్తారట! ఎవరు మూసేది? తాళం ఎవరి దగ్గరుంది? ఒక్క మోటారు చల్లబడనివ్వను నేను!"

"సరే, కూర్చో బాబాయ్. తొమ్మిదో మలుపు దగ్గర ఉన్నావు," అని అక్క గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

కూర్చున్నాడు. కానీ గొంతు దిగలేదు.

"పదో మలుపు దిగేసరికి కింద రైలు గేటు. గేటు దగ్గర రైలు ఆగిపోయి ఉంది. కరెంటు పోయిందట, లోపల ఎనిమిదొందల మంది ఉక్కిరిబిక్కిరి. ఇంజను డ్రైవరు దిగి తల పట్టుకుని కూర్చున్నాడు. నేను కారు ఆపి, తమ్ముడూ, ఎంత కావాలి అనడిగాను."

"ఏ వైరుతో ఇచ్చావ్?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"నా బెల్టుతో. ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని, బెల్టు అటు ఇంజనుకి, ఇటు కారుకి. రైలు కూత పెట్టి కదిలింది చూడూ, వచ్చే స్టేషనులో ఆగడం మర్చిపోయి ఆ పైదాంట్లో ఆగిందట. అయినా మీటరు కదల్లేదు. ఊళ్ళోకొచ్చాం. మిట్టమధ్యాహ్నం వీధిదీపాలన్నీ వెలిగాయి. లిఫ్టులు పైకెళ్ళి, చివరి అంతస్తు దాటి, ఇంకెక్కడికి పోవాలని అడిగాయి. పెట్రోలు బంకు ఓనరు పరిగెత్తుకొచ్చి నా టైరు పట్టుకుని, బాబూ, ఇరవై ఏళ్ళుగా పెట్రోలు అమ్మి తప్పు చేశాను, నా బంకులో మీ ప్లగ్గు పెట్టుకోనివ్వండి అని ఏడుపు. పెట్టుకో అన్నాను. మనసు రాయి చేసుకోలేను. ఇంత ఇచ్చినా ఇంకా రెండు శాతం మిగిలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరయిపోయింది, రైలైపోయింది, ఇంక ఎవరికివ్వాలి? తలెత్తి చూశాను. ఆ రోజు మబ్బుపట్టి సూర్యుడు కాస్త డల్లుగా ఉన్నాడు..."

"సూర్యుడికిచ్చావా!" కళ్ళజోళ్ళాయన బల్ల చరిచాడు.

"అప్పుగా కాదు, ఊరికే ఇచ్చాను. చూడు, ఆ రోజునుంచీ ఎండలెలా ఉన్నాయో! నల్లకోటాయన కారు దిగి నా రెండు చేతులూ పట్టుకుని, డ్రైవరుగారూ, నా దగ్గరున్నదంతా మీ కంపెనీలో పెడతాను, కోటు కూడా తీసుకోండి అన్నాడు. మా కంపెనీ ఛైర్మను గారు అందరిముందూ లేచి, ఈ కుర్చీ ఇక నీదే అన్నారు. నేను వద్దన్నాను. ఛైర్మను కుర్చీకి స్టీరింగు ఉండదు కదా సార్, నాకు కూర్చోబుద్ధి కాదు అన్నాను. అదీ మా కారు. అదీ మా కంపెనీ. ఇప్పుడు చెప్పు వదినా, ఇలాంటి కంపెనీలో డబ్బు పెట్టడానికి నీకు ఇంకా మోమాటమేమిటి?"

వదిన చేతిసంచీ తెరిచింది. దరఖాస్తు తీసి బల్లమీద పరిచింది. పెన్ను మూత తీసింది. గడియారం నాలుగుంబావు. బాబాయి ముఖం వెలిగింది. కొట్టు అక్క పొయ్యి తగ్గించి ఇటు తిరిగింది.

"అంతకుముందు?" అంది వదిన.

"దేనికి ముందు?"

ఆస్పత్రిలో ఆవిడ అందరినీ అడిగే ప్రశ్న అదే. కడుపునొప్పితో వచ్చినవాడు నొప్పి గురించి గంటసేపు చెబుతాడు. చెప్పనిచ్చి, ఆఖర్న, అంతకుముందు ఏం చేశావు నాయనా అని ఒక్కటి అడుగుతుంది. జబ్బు అందులో దొరుకుతుంది.

"దిగడానికి ముందు అబ్బాయ్. నీ కథ కొండమీంచే మొదలైంది. ఆ కారు కొండ మీదికి ఎలా వచ్చింది?"

"ఎలా అంటే... పైనే ఉంది."

"అక్కడే పుట్టిందా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"నువ్వుండవయ్యా."

"ఆ నలుగురు పెద్దమనుషులు?" వదిన గొంతు పెంచలేదు. "వాళ్ళెలా ఎక్కారు పైకి?"

"వాళ్ళ కార్లలో."

"కరెంటు కార్లా?"

"...పెట్రోలువి."

"నీ కారో?"

బాబాయి గ్లాసులోకి చూశాడు. అందులో టీ లేదు. అయినా చాలాసేపు చూశాడు.

"లారీ మీద," అన్నాడు.

కొట్టు అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళజోళ్ళాయన నవ్వు మాత్రం రోడ్డు అవతల బ్యాంకు గుమ్మంలో నిలబడ్డ కాపలా మనిషికి కూడా వినిపించింది.

"నవ్వండి!" బాబాయి తల ఎత్తాడు. ఇప్పుడు మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ రావడంలేదు. ఒక్కొక్కటే వస్తున్నాయి. "అవును, లారీ మీదే. తెల్లారకముందే ఎక్కించి, టార్పాలిను కప్పి తీసుకెళ్ళాం. బ్యాటరీ కావాలనే పది దగ్గర పెట్టాం, పెరగడం కనిపించాలని. కారు ఆ కొండ ఎక్కదు. మనుషులు నిండా కూర్చుంటే మోటారు వేడెక్కిపోయి తనంతట తనే ఆగుతుంది. మొదటి ఏడాది రెండో మలుపులో ఆగింది. పోయిన ఏడాది ఐదో మలుపు. మొన్న సోమవారం ఎక్కడ ఆగిందో తెలుసా?"

ఈసారి ఆ ప్రశ్నకు ఎవరూ వెటకారంగా జవాబివ్వలేదు.

"ఎనిమిదో మలుపు. బానెట్ మీద తడిగుడ్డ పరిచి రాతి మీద కూర్చున్నాను. నాతో ఉన్న మెకానిక్ కుర్రాళ్ళు ముగ్గురూ ఈలలేశారు. ఎనిమిదో మలుపులోంచి చూస్తే కింద మా షెడ్డు అగ్గిపెట్టెంత ఉంటుంది వదినా. అంత ఎత్తుకి ఎక్కించాం. కానీ ఎనిమిది అని చెబితే డబ్బు ఎవరు పెడతారు? నల్లకోట్లవాళ్ళు ఎనిమిది వినడానికి వస్తారా? వాళ్ళు పెట్టకపోతే మిగిలిన మూడూ ఎక్కించేదెలా?"

వదిన దరఖాస్తు వంక చూసింది. పెన్ను ఒకసారి కాగితానికి ఆనించింది కూడా. తర్వాత మూత పెట్టేసింది.

"ఇప్పటిదాకా నువ్వు చెప్పినవాటిలో సూర్యుడి కంటే ఈ ఎనిమిదో మలుపే బాగుంది," అంది. "ముందు ఇదే చెప్పి ఉంటే కొంచెమైనా పెట్టేదాన్నేమో. వార్డులో 'నాకేం లేదు, బాగున్నాను' అన్నవాడినే మేము ముందు అనుమానంగా చూసేవాళ్ళం. నావి అరిగిన మోకాళ్ళబ్బాయ్, ఎనిమిదో మలుపులో దింపేస్తే నడవలేను, నాకు పదకొండూ కావాలి." కాగితం నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుని లేచింది. "కారు పైదాకా ఎక్కిన రోజు కబురు పెట్టు. కింది అంతస్తు కొనగా మిగిలింది అప్పుడు పెడతాను."

అంత మాట పడ్డా బాబాయి తల దించలేదు. రోడ్డు దాకా ఆవిడ వెనకే వెళ్ళి, వీధి మొత్తానికి వినిపించేలా అన్నాడు.

"ఎక్కుతుంది! ఈ ఏడాదే ఎక్కుతుంది, రాసిపెట్టుకో! కానీ వదినా, ఆ రోజుకి మా షేరు ధర కొండ శిఖరం మీద ఉంటుంది. నువ్వు ఈ మోకాళ్ళతో అంత పైకి ఎలా వస్తావు?"

ఆవిడ వెనక్కి తిరగలేదు. బ్యాంకు వైపు చూడకుండా రోడ్డు దాటుతూనే అంది.

"లారీ మీద వస్తాలే."