గుండం అడుగున పిడికెడు రాళ్లు

కోరుట్లలో భాగ్య, మస్కట్‌లో ఆమె భర్త దివాకర్. పండుగ సెలవుల్లో అతను స్నేహితులతో కారులో షికారుకు వెళ్లి తిరిగి వచ్చిన మరునాడు, ఫోనులో.

"కారు ఎవలు నడిపిండ్రు?"

"ఖాలిద్. లైసెన్సు ఆనికే ఉన్నది గదా. డ్రైవరు లేకుంట ఒట్టి కారే కిరాయికి తీసుకున్నం. సముద్రం పొంటి సూర్ దాక పోయినం. మస్తుండె తొవ్వ."

"గా గుండం?"

"ఏ గుండం?"

"నువ్వు తానం చేసిన గుండం."

"అదా... తొవ్వలనే ఉన్నది. ఎన్కట భూమి దానంతట అదే కుంగి పడ్డదట. లోపట నీళ్లు, పచ్చగ, అడుగు కనవడేటట్టు. కిందికి మెట్లు కట్టిండ్రు. మంది బాగ అస్తరు. నీకెవలు చెప్పిండ్రు?"

"నిఖత్. ఖాలిద్ పెండ్లానికి వీడియో పంపిండు. ఆమె స్టేటస్ పెట్టింది."

"ఓ. పిల్ల పండుకున్నదా?"

"పిల్ల ముచ్చట తర్వాత. గుండంకాడ ఏం చేసినవు?"

"ఏం చేస్త. అంచుల కూసున్న, నీళ్లల్ల కాళ్లు పెట్టి. చేపపిల్లలు అచ్చి కాళ్లు కొరుకుతయి, గమ్మతుంటది."

"వీడియో సూసిన అంటున్న."

"సూసినంక గూడ అడుగుతున్నవా?"

"నువ్వేం చెప్తవో ఇందామని."

"సరే, దిగిన. అందరు దిగిండ్రు, నేను గూడ దిగిన. గంతే."

"నువ్వు దిగలె. రాయి మీదికెల్లి దుంకినవు, తలకాయ కిందికి పెట్టి. ఎంతసేపటికి గాని పైకి రాలె. ఫోన్ పట్టుకొని నాకు పానం పోయినంత పనైంది."

"ఈత ఈడికచ్చినంక నేర్సుకున్న. క్యాంపుల స్విమ్మింగ్ పూల్ ఉన్నది."

"ఎప్పుడు నేర్సుకున్నవు?"

"పోయినేడు. ఏమో, యాదికి లేదు. మీ రంజిత్ గోదార్ల మునిగిపోయినంక నాకు నిద్రే పట్టకపోతుండె. నాకు ఈత రాకపోబట్టే గదా భాగ్యా... గందుకే నేర్సుకున్న."

"గీ మాట నమ్ముదు. నువ్వు పైకచ్చి పిడికిలి ఎత్తినవు సూడు, అది సూడకపోతె నమ్ముదు."

"ఏం పిడికిలి?"

"అడుగు దాక పోయి, పిడికెడు రాళ్లు తెచ్చి అందరికి సూపెట్టినవు. స్విమ్మింగ్ పూల్ల అడుగున రాళ్లుంటయా? అది ఏడ నేర్సినవు?"

"ఊకె, తమాషకు చేసిన."

"పొద్దుగాల వీడియో అత్తమ్మకు సూపెట్టిన."

"అవ్వకా? అవ్వకెందుకు సూపెట్టినవు?"

"కొడుకు సంబురంగున్నడని సూపెట్టిన. సూసి నవ్వింది. చిన్నప్పుడు మన బావిల గిట్లనే చేసేటోడు, అడుగు మన్ను తెచ్చి సూపెట్టకపోతె తోటి పోరగాండ్లు ఒప్పుకోకపోదురు, అందరికంటె ముందుగాల వీడే తెచ్చేటోడు అన్నది."

"సిగ్నల్ సరిగ లేదు భాగ్యా."

"ఇంటున్నవా?"

"ఇంటున్న."

"మరి వెల్గటూర్ కాడ గోదార్ల మా తమ్ముడు రంజిత్ బావా, బావా అని మొత్తుకుంటె ఏమైంది నీ ఈత? అవతలి ఒడ్డుకు చేపలు పట్టే లచ్చయ్యకు ఇనవడ్డది. ఆయన తెప్ప ఏసుకొని అచ్చిండు. నువ్వు రాలె."

"బావి వేరు, గోదారి వేరు."

"వేరే. గా మాట గప్పుడెందుకనలె?"

"అది గాదు..."

"నాకు ఈత రాదు భాగ్యా అన్నవు. నా ఒళ్లె తలకాయ పెట్టి ఏడ్చినవు. రాదు, రాదు అనుకుంట."

"భయమైంది. నిజం చెప్తున్న, కాళ్లు కదలలె. పోతె నన్ను గూడ గుంజుకపోతడనిపిచ్చింది."

"భయమైతె భయమైందని చెప్పద్దా? నేను మనిషిని గానా? నీకు భయమైందంటె నేను నిన్ను తిడుదునా?"

"ఇడిచిపెట్టి పోతవనుకున్న."

"మా అవ్వ ఒక్క మాట అడిగింది. నీ మొగడు పక్కకే ఉండె గదా బిడ్డా, ఏం చేస్తుండె అని. ఈత రానోడు ఏం చేస్తడు అని నలుగుట్ల ఆమె నోరు మూపిచ్చిన. కొడుకు పోయిన మనిషిని, శవం లేవకముందే. గప్పటి సంది సారంగాపూర్ల మా ఇంటి గడప తొక్కలె నేను. నీ కోసం."

"తెలుసు."

"తెలిసి గూడ ఊకున్నవు."

"ఏం చెయ్యమంటవు మరి? చెప్తె రంజిత్ తిరిగస్తడా?"

"వాడు రాడు. మా అవ్వ అస్తుండె."

"భాగ్యా, తప్పు నాదొక్కనిదే గాదు. నేను నీకు గప్పుడే చెప్దామనుకున్న. అవ్వనే వద్దన్నది."

"అత్తమ్మనా?"

"ఆ. అవ్వకు మొదటి సంది తెలుసు. ఒడ్డు మీద నిలవడ్డది, భయమైంది, అన్ని చెప్పిన. భాగ్యకు చెప్పకు, కాపురం చెడుతది అన్నది. నేనేం చెయ్యాలె?"

"గందుకేనా అత్తమ్మ ముందట రంజిత్ పేరు తియ్యద్దని నాకు చెప్పినవు? ఆమెకు బీపీ ఉన్నది, తట్టుకోదు అని?"

"ఆ... గందుకే. బీపీ గూడ ఉన్నది గదా."

"నిజమేనా?"

"అవ్వ మీద ఒట్టు."

"అత్తమ్మా, గిట్ల దగ్గరికి రా. అన్ని ఇన్నవు గదా?"

"అవ్వ ఆడనే ఉన్నదా? స్పీకర్ పెట్టినవా? భాగ్యా, ఫోన్ బంద్ చెయ్యి. ముందుగాల బంద్ చెయ్యి."

"మాట్లాడు అత్తమ్మా."

"దివాకరా... రంజిత్ దినాల నాడు నా చెయ్యి పట్టుకొని, నేను ఒడ్డు మీద లేనే లేనవ్వా, కొబ్బరికాయలకు పోయిన, అచ్చేసరికే పోరడు మునిగిపోయిండు అంటివి గద రా."